ఓడిన జత ఎన్ని అడుగులు లాగిందో కూడా చెప్పండి: చంద్రుడి పందెం నడిపేవారికి బహిరంగ లేఖ

చంద్రుడి మీదికి పోటీలు పెట్టే సంస్థల నిర్వాహకులకు, ఆ పోటీల్లో దిగే ప్రైవేటు, ఓపెన్ సోర్స్ జట్లకు, వాటికి డబ్బు పెట్టేవారికి, మన దేశంలో ప్రైవేటు అంతరిక్ష సంస్థలకు అనుమతులిచ్చే ఇన్‌స్పేస్ అధికారులకు,

అయ్యా, అమ్మా,

నమస్కారం. మీరు ఎత్తుకున్న పని ఎంత కష్టమైనదో నాకు తెలుసు. ఒక పాలిటెక్నిక్‌లో 29 ఏళ్లు ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఉండేది నాయుడుపేటలో. శ్రీహరికోట షార్ కేంద్రంలో రాకెట్ లేస్తే మా మేడ మీదికి కనపడుతుంది. మోత మా దాకా రావడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆలోపు మంట మబ్బుల్లోకి పోయి ఉంటుంది. ఇన్నేళ్లయినా ప్రయోగం ఉందంటే కాఫీ గ్లాసు పట్టుకుని మేడెక్కడం మానలేదు. కాబట్టి ఇది అంతరిక్షం అంటే గిట్టనివాడు రాస్తున్న ఉత్తరం కాదు.

ఇలా అందరి ముందూ రాయడం నాకు ఇష్టమూ కాదు. రెండు ఈమెయిళ్లు పంపాను, ఒక రిజిస్టర్డ్ పోస్టు చేశాను, మళ్లీ గుర్తు చేస్తూ ఇంకోటి రాశాను. దేనికీ జవాబు లేదు. అందుకే ఇది.

సంగతి చెబుతాను.

2010లో మా ఫైనలియర్ పిల్లలు ఏడుగురు నా దగ్గరికొచ్చారు. ఓపెన్ సోర్స్ పద్ధతిలో చంద్రుడి మీదికి రోవర్, అంటే అక్కడి నేల మీద తిరిగే చిన్న బండి, పంపుతామంటున్న ఒక విదేశీ జట్టు వాలంటీర్లను పిలుస్తోందని, ప్రపంచంలో ఎవరైనా చేరొచ్చని, అందరి పనీ అందరికీ అందుబాటులో ఉంటుందని చెప్పారు. ఆ జట్టు పేరు ఇక్కడ రాయను. ఒక్క జట్టును బజారుకీడ్చాలని నాకు లేదు, పైగా ఇలాంటి పిలుపు ఇచ్చింది వాళ్లొక్కరే కాదు. మా పిల్లలకు వచ్చిన పని చిన్నది. రోవర్ చక్రం మెత్తటి మట్టిలో ఎప్పుడు జారుతుంది, ఎప్పుడు ఎక్కుతుంది అనేది కొలిచి చెప్పాలి.

వడ్రంగి దగ్గర ఆరడుగుల చెక్క తొట్టి చేయించాం. స్వర్ణముఖి ఇసుక తెచ్చి పోశాం. అది చంద్రుడి దుమ్ముకు చాలా గరుకు. ఇటుకలు చేసేవాళ్ల దగ్గర బూడిద బస్తాలు రెండు అడిగి తెచ్చి కలిపాం. గది నిండా దుమ్ము, అందరి మూతులకూ చేతిరుమాళ్లు. చక్రానికి నూనె డబ్బా రేకు, దాని మీద అడ్డంగా అల్యూమినియం పట్టీలు. మోటారు నెల్లూరు పాత సామాన్ల కొట్లో కొన్న కారు వైపర్‌ది. లాగుడు బలం కొలవడానికి స్ప్రింగ్ కాటా కావాలంటే పాత పేపర్లు కొనే అతన్ని బతిమాలి వారానికి అరువు తెచ్చాడు ఒక పిల్లవాడు. చంద్రుడి మీద బరువు ఆరో వంతే కదా, అందుకని కప్పీ మీదుగా తాడు వేసి అవతల ఇనుప ముక్కలు వేలాడదీశాం. 8 పట్టీలు పెడితే చక్రం తన గొయ్యి తనే తవ్వుకుని కూర్చుంది. 16 పెడితే వాలు ఎక్కింది. ఇంకా బాగుంటుందని 24 పెట్టాం. పట్టీల మధ్య బూడిద దట్టంగా ఇరుక్కుని చక్రం మళ్లీ నున్నగా అయిపోయింది, మళ్లీ జారింది. ఆ సాయంత్రం ఆ ఏడుగురి మొహాలు చూడాల్సింది. పుస్తకంలో లేని విషయం ఒకటి తమ చేతులతో తేలింది.

42 పేజీల నివేదిక తయారైంది. గంటకు 20 రూపాయలిచ్చి నెట్ సెంటర్లో కూర్చుని దాన్ని టైపు చేసింది ఒక దర్జీ కూతురు. 2011 మార్చిలో పంపాం. చాలా బాగుందని, ఫలానా నంబరుతో భద్రపరిచామని జవాబు వచ్చింది. తర్వాత రెండేళ్లకు ఆ జట్టు జాడే లేదు. నివేదికతో పాటు ఎక్కడెక్కడివారో చేసిన డ్రాయింగులు, రాసిన కోడ్, లెక్కలు అన్నీ పోయాయి.

తప్పు మాలోనూ ఉంది. మా ల్యాబ్‌లో కంప్యూటర్లు మార్చినప్పుడు హార్డ్ డిస్కులు ఫార్మాట్ చేశారు, నేను చూసుకోలేదు. ప్రింటు కాపీ బీరువాలో ఉండేది, చెదలు పట్టింది. 27 పేజీలు మిగిలాయి. 2019లో ఆ అమ్మాయి విదేశంలో పై చదువుకు దరఖాస్తు పెట్టుకుంటూ ఈ పని గురించి రాసింది, ఆధారం అడిగారు. నాకు ఫోన్ చేసి, “సార్, మేం చేశామనడానికి ఇప్పుడు మీ మాట ఒక్కటే ఉంది” అంది. నేను లెటర్ రాసిచ్చాను. రిటైరవబోయే లెక్చరర్ రాసిన లెటర్‌కు ఎంత విలువుంటుందో అంతే ఉంది.

పిల్లల్ని ఎవరూ బలవంతం చేయలేదు, నిజమే. డబ్బు కూడా ఎవరూ అడగలేదు. కానీ “అందరి పనీ అందరికీ” అన్న ఒక్క మాటను నమ్మి వాళ్లు ఎనిమిది నెలలు బూడిదలో కూర్చున్నారు.

ఇప్పుడు మా తొట్టి సంగతి పక్కనపెట్టి పెద్ద లెక్క చూద్దాం.

గూగుల్ సొమ్ముతో ఎక్స్ ప్రైజ్ సంస్థ 2007 సెప్టెంబరు 13న ప్రకటించిన చంద్రుడి పోటీ మీకందరికీ గుర్తుండే ఉంటుంది. చంద్రుడి మీద దిగాలి, 500 మీటర్లు కదలాలి, అక్కడి నుంచి మంచి నాణ్యత గల వీడియో, ఫొటోలు పంపాలి. ఖర్చులో సర్కారు డబ్బు పది శాతం దాటకూడదు. మొదట చేరినవారికి 2 కోట్ల డాలర్లు, అన్ని బహుమతులూ కలిపి 3 కోట్ల డాలర్లు. 30 దాకా జట్లు పేర్లిచ్చాయి. గడువు మొదట 2012 అన్నారు, జరిపి జరిపి 2018 మార్చి 31 దాకా తెచ్చారు. చివరికి బరిలో ఐదు జట్లే మిగిలాయి. ఆ ఏడాది జనవరి 23న, గడువులోగా ఎవరూ చేరలేరని సంస్థే ప్రకటించింది. పెద్ద బహుమతి ఎవరికీ దక్కలేదు. మధ్యలో 2015లో, తయారీలో ముందున్న ఐదు జట్లకు 52.5 లక్షల డాలర్లు పంచారు. అందులో మన బెంగళూరు టీమ్ ఇండస్‌కు ల్యాండర్, అంటే చంద్రుడి మీద దిగే వాహనం, పనికి 10 లక్షల డాలర్లు వచ్చాయి.

ఆ టీమ్ ఇండస్ ల్యాండర్‌ను పీఎస్‌ఎల్‌వీ మీద శ్రీహరికోట నుంచే పంపాల్సింది. జపాన్ జట్టు హకుటో రోవర్ కూడా అందులోనే వెళ్లాల్సింది. రెండు దేశాల ప్రైవేటు రోవర్లు మా కళ్ల ముందే చంద్రుడికి బయల్దేరతాయని నేను మేడ మీద కుర్చీలు కూడా లెక్కపెట్టుకున్నాను. ప్రయోగం జరగలేదు. ఆ తర్వాత ఆ ల్యాండర్ డిజైన్ ఆధారంగా ఆర్బిట్ బియాండ్ అనే అమెరికా కంపెనీకి 2019 మే నెలాఖరున నాసా 9.7 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. రెండు నెలలకే ఆ కంపెనీ తప్పుకుంది. మన ఇంజినీర్లు, వాళ్లతో కలిసి పనిచేసిన ఇస్రో రిటైర్డ్ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కూర్చుని గీసింది ఆ గీతలు. ఒక ఇంజినీరింగ్ విద్యార్థి వాటిని చూసి నేర్చుకోవాలంటే ఎక్కడికి వెళ్లాలి?

జర్మనీ జట్టు పీటీ సైంటిస్ట్స్ 2019లో దివాలా దాఖలు చేసింది. ఇంకో జట్టు సినర్జీ మూన్ నమ్ముకున్న రాకెట్ ఏనాడూ కక్ష్యకు చేరలేదు. ఇజ్రాయెల్ స్పేస్‌ఐఎల్ పోటీ ముగిశాక కూడా పట్టు వదలకుండా బేరేషీట్ ల్యాండర్‌ను పంపింది, 2019 ఏప్రిల్ 11న అది చంద్రుడి మీద కూలింది. దాని ఖర్చు సుమారు 10 కోట్ల డాలర్లు. పోటీలో మొదటి బహుమతి 2 కోట్లు! కట్నం కన్నా పెళ్లి ఖర్చు ఎక్కువ. ఆ తేడా ఎవరు భరించారు? దాతలు, పెట్టుబడిదారులు, జీతం లేకుండా పనిచేసిన మా పిల్లల్లాంటివాళ్లు.

మా వైపు బండలాగుడు పోటీలు జరుగుతాయి. మీలో తెలుగువాళ్లుంటే చూసే ఉంటారు. గెలిచిన జతకు బహుమతి ఇస్తారు. ఓడిన జత సంగతి? అది కూడా ఎన్ని అడుగులు లాగిందో మైకులో చెబుతారు, పుస్తకంలో రాసుకుంటారు. ఫలానా ఊరి ఎడ్లు ఇన్ని అడుగులు, ఇన్ని నిమిషాలు. దాన్ని బట్టే వచ్చే ఏడు ఆ రైతు మేత మారుస్తాడు, బండ బరువు చూసుకుంటాడు. కోట్ల డాలర్ల పందెంలో ఆపాటి పుస్తకం కూడా లేకపోవడం నాకు మింగుడుపడటం లేదు.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో, అంటే దాని రేఖాంశం ఎంతో కనుక్కుంటే 20,000 పౌండ్లు ఇస్తామని 1714లో బ్రిటన్ పార్లమెంటు బహుమతి పెట్టింది. జాన్ హారిసన్ అనే వడ్రంగి కొడుకు, తనూ వడ్రంగే, దశాబ్దాలు కూర్చుని గడియారాలు చేశాడు. నాలుగోది పనిచేసింది. అయినా డబ్బు చేతికి రాలేదు. నీకొక్కడికే తెలిస్తే చాలదు, ఇంకొకరు చేయగలిగేలా చెప్పమన్నారు. 1765 ఆగస్టులో 72 ఏళ్ల ముసలాయన నిపుణుల ముందు తన గడియారం విప్పి, ముక్క ముక్కా చూపించి వివరించాడు. అప్పుడు గానీ 10,000 పౌండ్లు ఇవ్వలేదు. రెండేళ్లకు ఆ వివరాలు బొమ్మలతో సహా అచ్చయ్యాయి. ఆ ముసలాయన్ని మిగతా డబ్బుకు ఎంత ఏడిపించారో అది వేరే కథ, అందులో వాళ్లను మెచ్చుకునేదేమీ లేదు. కానీ ఆ ఒక్క షరతు మాత్రం సరైనది. బహుమతి పెట్టేది ఒకడు గెలవడానికి కాదు, ఆ పని లోకానికి రావడానికి అని వాళ్లకు తెలుసు.

మీలోనూ దాచుకోని వాళ్లున్నారు. పేరుపేరునా చెప్పాలి.

హకుటో నడిపిన ఐస్పేస్ కంపెనీ ల్యాండర్ 2023 ఏప్రిల్‌లో చంద్రుడి మీద అట్లాస్ బిలం అనే పెద్ద గుంటలో దిగబోయి కూలింది. ఎందుకో నెల తిరిగేసరికి వాళ్లే చెప్పారు. బిలం అంచు దాటేటప్పుడు కింద నేల ఒక్కసారిగా దాదాపు 3 కిలోమీటర్లు పడిపోయింది. ఎత్తు కొలిచే పరికరం నిజమే చెప్పింది. సాఫ్ట్‌వేర్ మాత్రం ఇంత తేడా ఉండదులే, పరికరమే చెడిపోయిందనుకుని ఆ లెక్కను పక్కన పెట్టింది. నేల తాకబోతున్నాననుకున్న ల్యాండర్ అసలు ఇంకా 5 కిలోమీటర్ల ఎత్తులో ఉంది. అక్కడే నెమ్మదిగా దిగుతూ దిగుతూ ఇంధనం అయిపోయి పడిపోయింది. డిజైన్ ఖాయమయ్యాక దిగే చోటు మార్చారు, కొత్త చోటుకు తగినట్టు పరీక్షలు చాలినన్ని చేయలేదు, అదీ ఒప్పుకున్నారు. ఆ ఒక్క ప్రకటనను నేను క్లాసులో చెప్పి ఉంటే సెన్సర్ల మీద ఒక సెమిస్టర్ పాఠం అయ్యేది.

అమెరికా కంపెనీ ఆస్ట్రోబోటిక్ కూడా అంతే. వాళ్ల ల్యాండర్ పెరెగ్రిన్ 2024 జనవరి 8న బయల్దేరిన కొద్ది గంటలకే ఇంధనం కారిపోయింది, పది రోజులకు అది పసిఫిక్ మీద గాలిలో కాలిపోయింది. ఒక వాల్వ్ సరిగ్గా మూసుకోక హీలియం తోసుకొచ్చి ట్యాంకు పగిలిందని తర్వాత విచారణ వివరాలు బయటపెట్టారు. ఇంకో అమెరికా కంపెనీ ఇంట్యూటివ్ మెషీన్స్ వాళ్లయితే 2024 ఫిబ్రవరిలో తమ ల్యాండర్ లేజర్ పరికరాల సేఫ్టీ స్విచ్ ప్రయోగానికి ముందు తీయడం మరిచామని చెప్పేశారు. ఇంట్లో గ్యాస్ రెగ్యులేటర్ తిప్పకుండా పొయ్యి వెలగట్లేదని వెతుక్కున్నట్టు! నవ్వొచ్చే తప్పే, కానీ ఒప్పుకోవడానికి గుండె కావాలి.

మన ఇస్రో సంగతీ చెప్పాలి, లేకపోతే ఊరివాళ్లకు నీతులు చెప్పినట్టవుతుంది. చంద్రయాన్-2 విక్రమ్ 2019 సెప్టెంబరు 7న కూలింది. నవంబరులో పార్లమెంటుకు ఇచ్చిన జవాబులో, 30 కిలోమీటర్ల ఎత్తు నుంచి 7.4 కిలోమీటర్ల దాకా అంతా సవ్యంగా జరిగిందని, తర్వాత దశలో వేగం అనుకున్నదానికన్నా ఎక్కువ తగ్గిందని చెప్పారు. ఇంజన్లు ఎక్కువ బలంగా తోయడం, దిగే చోటు 500 మీటర్ల చదరానికి కుదించడం వంటి అసలు వివరాలు 2023లో అప్పటి చైర్మన్ సోమనాథ్ గారు విడమరిచి చెప్పేదాకా మాలాంటివాళ్లకు తెలియలేదు. నాలుగేళ్లు! పూర్తి నివేదిక నేటికీ జనం చేతికి రాలేదు. ఇదే ఇస్రో ఇప్పుడు చంద్రయాన్ సమాచారాన్ని ప్రదాన్ పోర్టల్‌లో ఉచితంగా పెడుతోంది, అందుకు దండం. తలుపు తెరిస్తే ఏమవుతుందో విక్రమ్ ముక్కలే చెప్పాయి. వాటి మొదటి ఆచూకీ పట్టింది షణ్ముగ సుబ్రమణియన్ అనే చెన్నై ఇంజినీరు. నాసా అందరికీ అందుబాటులో పెట్టిన ఫొటోలను ఇంట్లో కూర్చుని పాతదీ కొత్తదీ పోల్చి చూశాడు. 2019 డిసెంబరులో నాసా అతని పేరు చెప్పి మరీ ఒప్పుకుంది.

అందుకని మీ ముందు ఈ డిమాండ్లు పెడుతున్నాను. ఒక్కోదాని వెనక ఎవరు నష్టపోతున్నారో కూడా రాస్తున్నాను.

1. ఓపెన్ సోర్స్ అని చెప్పి వాలంటీర్లను పిలిచిన ప్రతి జట్టూ, మూతపడినా సరే, ఆ పనినంతా అందరికీ దొరికే చోట భద్రపరచాలి. పోటీ పెట్టే సంస్థ దీన్ని ప్రవేశ షరతుగా రాయాలి. జట్టు పేరు నమోదు చేసిన రోజే ఒక కాపీ నిర్వాహకుల దగ్గర జమ కావాలి, ఏడాదికోసారి దాన్ని తాజా చేయాలి. జట్టుకు డబ్బు లేదంటారా, మా 42 పేజీలు దాచడానికి ఎంత ఖర్చవుతుంది? ఒక రాకెట్ ప్రయోగంలో టీ కాఫీల లెక్క అంత కూడా కాదు. 1969లో మనుషుల్ని చంద్రుడి మీద దించిన అపోలో కంప్యూటర్ కోడ్‌ను ఈ రోజు నా ఫోన్‌లో చదువుకోవచ్చు. 2011లో మా పిల్లలు చేసిన పని మాత్రం దొరకదు.

2. పనిచేసినవారి పేర్లు రాయండి. ఇది అడుక్కోవలసిన విషయం కాదు. అంగారకుడి మీద 72 సార్లు ఎగిరిన ఇంజెన్యుటీ హెలికాప్టర్‌లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వాడారు. 2021లో అది మొదటిసారి ఎగిరినప్పుడు, ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క వరస రాసినవారితో సహా దాదాపు 12,000 మందికి, సాఫ్ట్‌వేర్ కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైట్‌లో వారి పేరు పక్కన గుర్తు పెట్టారు. వాళ్లలో చాలామందికి తాము రాసింది అంగారకుడి దాకా పోయిందని అప్పటిదాకా తెలియదు. చిన్న ఊళ్లలో డిప్లొమా చదివే పిల్లలకు ఇంటర్న్‌షిప్పులు ఇప్పించే బాబాయిలు ఉండరు. ఇలాంటి ఒక్క వరస వాళ్ల రెజ్యూమెలో ఉద్యోగం తెచ్చిపెడుతుంది. దర్జీ కూతురికి దక్కనిది ఆ ఒక్క వరసే.

3. వైఫల్యం జరిగిన ఆరు నెలల్లో కారణాల నివేదిక బయటపెట్టాలి. షేర్‌హోల్డర్లకు ఇచ్చే రెండు పేజీల ప్రకటన చాలదు. పన్నుల సొమ్ము, చందాల సొమ్ము ఒక్క రూపాయి కలిసినా ఈ షరతు వర్తించాలి. పెరెగ్రిన్‌కు నాసా కోట్ల డాలర్లిచ్చింది, అంటే అక్కడి జనం ఇచ్చారు. రేపు మన దగ్గర ఇన్‌స్పేస్ నిధుల నుంచి సాయం పొందే కంపెనీలకూ ఇదే ఉండాలి. ఒకరి తప్పు రెండోవారికి తెలియకపోతే అదే తప్పుకు మళ్లీ డబ్బు పోసేది మనమే.

4. ఏం మోసుకెళ్తున్నారో ముందే చెప్పండి. బేరేషీట్‌లో ఎండబెట్టిన టార్డిగ్రేడ్లు, అంటే కంటికి సరిగ్గా ఆనని ఎనిమిది కాళ్ల జీవులు, కూడా ఉన్నాయని అది కూలిన దాదాపు నాలుగు నెలలకు గానీ లోకానికి తెలియలేదు. పెరెగ్రిన్‌లో మనుషుల చితాభస్మం ఉందని, చంద్రుడు తమకు పవిత్రమని అమెరికాలో నవాహో తెగ అధ్యక్షుడు ప్రయోగానికి ముందే అభ్యంతరం చెప్పారు. ప్రయోగం ఆగలేదు. అట్లతద్దెనాడు మా ఇంట్లో ఆడవాళ్లు చంద్రుణ్ణి చూశాకే ముద్ద ముడతారు. అక్కడ ఎవరి అస్థికలు పెడుతున్నారో అడిగే హక్కు వాళ్లకు లేదా? నాకు పెద్దగా భక్తి లేదు. కానీ అడగకుండా పెట్టడం మర్యాద కాదు.

5. ఇది ప్రత్యేకంగా మన అధికారులకు. ప్రైవేటు కంపెనీ అంతరిక్షంలో ఏం చేసినా దాని బాధ్యత ఆ దేశానిదేనని 1967 అంతరిక్ష ఒప్పందం ఆరో అధికరణం చెబుతుంది. మనం దానికి ఒప్పుకున్నాం. 2017లో అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదా తెచ్చారు, 2020లో ఇన్‌స్పేస్ వచ్చింది, 2023లో విధానం వచ్చింది. చట్టం మాత్రం రాలేదు. హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ 2022 నవంబరులోనే మన దేశంలో తొలి ప్రైవేటు రాకెట్ ఎగరేసింది. పిల్ల పుట్టి నడుస్తోంది, ఊయల మాత్రం ఇంకా కొలతల్లోనే ఉంది. పైన అడిగిన మూడు, నాలుగు పాయింట్లను ఆ చట్టంలో చేర్చండి.

6. పులికాట్ ఒడ్డు జాలర్ల మాట. దీనికీ చంద్రుడి పందేనికీ ఏం సంబంధం అనుకుంటారేమో. ప్రయోగం రోజు ఆ చుట్టుపక్కల సముద్రంలోకి పడవలు పోకూడదు. ఒక్క ప్రయోగమైతే ఒక్క రోజు. ప్రైవేటు రాకెట్లకు వాయిదాలు మామూలు. చెన్నై కంపెనీ అగ్నికుల్ వాళ్ల రాకెట్ 2024 మే 30న ఎగిరే ముందు చాలాసార్లు ఆగింది. ఆగిన ప్రతిసారీ ఇంజినీర్లకు టెన్షన్, జాలరికి వేట పోయిన రోజు. వాయిదా కబురు వేళకు అందేలా చేయండి. పోయిన రోజుకు లెక్క కట్టి ఇవ్వండి. కంపెనీ ప్రయోగ ఖర్చులో ఇదీ ఒక పద్దు కావాలి.

మీరు చెప్పబోయే జవాబు నాకు తెలుసు. రాకెట్ ఇంజన్లు, గైడెన్స్ లాంటివి క్షిపణులకూ పనికొస్తాయి, వాటిని బయటపెట్టకూడదని చట్టాలున్నాయి అంటారు. ఒప్పుకుంటాను, వాటిని ఎవరూ అడగటం లేదు. చక్రానికి ఎన్ని పట్టీలుండాలో చెబితే ఏ దేశ భద్రతకూ ముప్పు రాదు. బ్యాటరీ చలికి ఎంత సేపు నిలిచింది, కెమెరా మీద దుమ్ము ఎలా పేరుకుంది, ఏ కనెక్టర్ ఊడింది, ఇవేవీ క్షిపణి రహస్యాలు కావు. వ్యాపార రహస్యం అంటారా, పోటీలో ఉన్నన్నాళ్లూ దాచుకోండి. కంపెనీ మూతపడ్డాక, పోటీ ముగిశాక, ఐదేళ్లు గడిచాక ఎవరి దగ్గర దాస్తున్నారు? చెదలకు తప్ప అది ఎవరికీ పనికిరావడం లేదు. ఈ మాట అనుభవంతో చెబుతున్నాను.

ఇంకో జవాబు కూడా వింటుంటాను. బహుమతి ఎవరికీ రాకపోయినా ఆ పోటీ వల్లే ఇన్ని కంపెనీలు పుట్టాయి కదా అని. నిజమే. 2025 మార్చి 2న, ఆ పోటీలో లేని ఫైర్‌ఫ్లై కంపెనీ ల్యాండర్ బ్లూ ఘోస్ట్ చంద్రుడి మీద నిటారుగా దిగి పనంతా పూర్తి చేసిన రోజు నాకూ ఒళ్లు పులకరించింది. అదే ఏడాది జూన్‌లో ఐస్పేస్ రెండో ల్యాండర్ కూడా కూలింది, ఈసారి లేజర్ పరికరం ఎత్తు కొలిచి చెప్పడంలో ఆలస్యమైంది. అంటే ఒకరు నేర్చుకున్నది మరొకరికి ఇంకా పూర్తిగా చేరడం లేదు. అది చేరే దారి వేయండి అనే నేను అడుగుతున్నాను.

ఈ ఉత్తరం అందిన 60 రోజుల్లో కనీసం మొదటి రెండు పాయింట్ల మీద మీ నిర్ణయం బహిరంగంగా చెప్పాలని కోరుతున్నాను. పాత పోటీల్లో వాలంటీర్లుగా పనిచేసిన తెలుగువాళ్లు, ఇక్కడైనా అమెరికాలోనైనా, మీ దగ్గర మిగిలిన డ్రాయింగులు, కోడ్, ఫొటోలు ఏవైనా ఉంటే పారేయకండి. తేదీ వేసి స్కాన్ చేసి పెట్టండి.

మా 27 పేజీలు నేను స్కాన్ చేశాను. మిగతా 15 పేజీలు ఆ జట్టులో పనిచేసిన ఎవరి పాత కంప్యూటర్లోనైనా ఉంటే దయచేసి పంపండి. ముఖ్యంగా 28వ పేజీ. 24 పట్టీల పట్టిక అందులోనే ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పాలిటెక్నిక్ లెక్చరర్,
నాయుడుపేట